మొదటి కారు ఏది? పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల నంబర్ల వెనక లెక్క

క్లుప్తంగా: పాత జపాన్ స్పోర్ట్స్ కారు మీద గుద్దిన నంబరు అది ఏ రకం కారో చెబుతుంది, ఎప్పుడు తయారైందో మాత్రం చెప్పదు. ఫ్యాక్టరీ రికార్డులు తీసి ధ్రువపత్రం చేతికిచ్చే ఏర్పాటు యూరప్‌లో ఉన్నంతగా జపాన్ కార్లకు లేదు. అందుకే తొలి కార్ల చరిత్ర కావాలంటే ఇప్పటికీ మిగిలి ఉన్న కార్లు, వాటి భాగాల మీద ఉన్న తేదీలు పట్టుకుని వెనక్కి నడవాల్సి వస్తోంది. ధరలు పెరిగేకొద్దీ ఈ లెక్కకు గిరాకీ పెరిగింది, దాంతోపాటే మోసాలకూ సందు దొరికింది.

2022 మార్చిలో అమెరికాలోని అమీలియా ఐలాండ్‌లో గుడింగ్ సంస్థ జరిపిన వేలంలో ఒక టయోటా 2000జీటీ 25 లక్షల 35 వేల డాలర్లకు అమ్ముడైంది. 2013లో ఇదే మోడల్ కారు ఒకటి 11 లక్షల 55 వేల డాలర్లు పలికినప్పుడే, జపాన్ కారు పది లక్షల డాలర్ల గీత దాటిందని పెద్ద వార్త అయింది. తొమ్మిదేళ్ల తర్వాత అమ్ముడైన కారు దానికి రెట్టింపు దాటింది. ఆ కారు ప్రత్యేకతలు రెండు. 1968లో ప్రముఖ రేసర్ కరోల్ షెల్బీ జట్టు అమెరికా రేసుల్లో దింపిన కార్లలో అది ఒకటి. రెండోది, దాని చాసిస్ నంబరు ఎంఎఫ్10-10001. అంటే ఆ మోడల్ వరుసలో మొట్టమొదటి నంబరు.

ధరలో రేసు చరిత్ర వాటా ఎంత, నంబరు వాటా ఎంత అని తూకం వేసి చెప్పలేం. కానీ ఆ వేలం ఒక పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. మొదటి నంబరు ఉన్నంత మాత్రాన మొదట తయారైన కారు అదేనా? 2000జీటీ నమూనా కారు 1965 టోక్యో మోటార్ షోలోనే జనం ముందుకొచ్చింది. 1966 అక్టోబరులో జపాన్‌లోని యతాబే పరీక్షా ట్రాక్ మీద 78 గంటలు ఆగకుండా పరుగెత్తి రికార్డులు సాధించిందీ నమూనా కారే. అమ్మకానికి తయారీ మొదలైంది 1967లో. కాబట్టి 10001 కంటే ముందే రోడ్డెక్కిన 2000జీటీలు ఉన్నాయి. 'మొదటిది' అన్న మాటకు ఏ అర్థం తీసుకుంటామన్న దాన్ని బట్టే జవాబు మారుతుంది.

ఇంటిపేరు ముందు, నంబరు తర్వాత

ఇప్పటి కార్లన్నిటికీ ప్రపంచమంతటా 17 అక్షరాల నంబరు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ పద్ధతి అమెరికాలో తప్పనిసరైంది 1981 మోడల్ కార్ల నుంచి. అంతకు ముందు ఏ కంపెనీకి ఆ కంపెనీ తనకు తోచినట్టు నంబరు వేసుకునేది. జపాన్‌లో స్థానికంగా అమ్మే కార్లకు ఆ తర్వాత కూడా పొట్టి నంబరే కొనసాగింది. దాని తీరు మన పేర్ల లాంటిదే. ముందు ఇంటిపేరు వస్తుంది, ఆ ఇంట్లో ఎన్నోవాడో తర్వాత వస్తుంది.

నిస్సాన్ 1969 అక్టోబరులో బయటపెట్టిన జెడ్ కారు దీనికి మంచి ఉదాహరణ. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో డాట్సన్ 240జెడ్. లోపల దాని మూల కోడ్ ఎస్30. రెండు లీటర్ల ఎల్20 ఇంజిన్‌తో జపాన్‌లో అమ్మిన మామూలు కారుకి 'ఎస్30' అన్నదే ఇంటిపేరు. ఎల్24 ఇంజిన్ ఉంటే ముందు 'హెచ్' చేరుతుంది, కాబట్టి కుడిచేతి స్టీరింగ్ 240జెడ్ 'హెచ్ఎస్30' అవుతుంది. స్టీరింగ్ ఎడమ వైపు ఉంటే 'ఎల్' కూడా వచ్చి 'హెచ్ఎల్ఎస్30' అవుతుంది. అమెరికా వెళ్లిన కార్లన్నీ ఈ ఇంటివే. నిస్సాన్ మరో స్పోర్ట్స్ కారు స్కైలైన్ జీటీ-ఆర్‌లో వాడిన ఎస్20 ఇంజిన్ పెడితే 'పీఎస్30'. బయట దాన్ని జెడ్432 అంటారు. సిలిండరుకు 4 వాల్వులు, 3 కార్బురేటర్లు, 2 కామ్‌షాఫ్టులు ఉన్నాయని ఆ పేరు. అలాంటివి సుమారు 420 మాత్రమే తయారయ్యాయి.

తికమక మొదలయ్యేది ఇక్కడే. నాలుగు ఇళ్లకూ నాలుగు వేర్వేరు వరుసలు. అంటే 'జెడ్ కార్లలో ఒకటో నంబరు' అని ఎవరైనా అంటే, అది ఏ ఇంటి ఒకటో నంబరో అడగాలి. అమెరికాలో హెచ్ఎల్ఎస్30 చిన్న నంబరు కారున్న యజమాని తనదే పాత జెడ్ అనుకుంటాడు. యోకొహామాలో ఎస్30 చిన్న నంబరున్నవాడూ అదే అనుకుంటాడు. ఒకరి నంబరును ఇంకొకరి నంబరుతో పోల్చి ఏ కారు ముందు పుట్టిందో తేల్చడం కుదరదు.

వరుసలన్నీ ఒకటి నుంచే మొదలవ్వాలన్న నియమం కూడా లేదు. 2000జీటీ 10001 నుంచి మొదలైంది. హోండా సీబీ750 మోటార్‌సైకిల్ ఇంజిన్ నంబర్లు 1000001 నుంచి మొదలయ్యాయి. ఆ బైకు ముచ్చట ఇక్కడ కాస్త పక్కదారే, కానీ పోలికకు పనికొస్తుంది. 1969లో తయారైన తొలి 7,414 సీబీ750 ఇంజిన్ల క్రాంక్‌కేసులు, అంటే ఇంజిన్ కింది భాగపు లోహపు పెట్టెలు, గరుకుగా ఉంటాయి. సేకర్తలు వాటిని 'శాండ్‌కాస్ట్' అని పిలుస్తారు. అక్కడ నంబరు చూడగానే క్రాంక్‌కేసు ఏ రకమో తెలిసిపోతుంది, గీత అంత స్పష్టంగా ఉంది. జెడ్ కార్లలో అలాంటి శుభ్రమైన గీత ఒక్కటి కూడా దొరకడం కష్టం.

వరుస నంబరు వేరు, పుట్టిన వరుస వేరు

జెడ్ కార్లను కట్టింది కనగావా ప్రిఫెక్చర్‌లోని హిరత్సుకలో ఉన్న నిస్సాన్ షతాయ్ ఫ్యాక్టరీ. కారు బాడీ వెల్డింగ్ అయ్యాక ఇంజిన్ వెనక ఉండే రేకు గోడ మీద, అంటే ఫైర్‌వాల్ మీద, నంబరు గుద్దుతారు. ఆ తర్వాత పెయింటు, సీట్లు, వైరింగు, ఇంజిన్ బిగింపు, తనిఖీ, ఓడరేవు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పెయింటులో లోపం కనిపించి ఒక కారును పక్కన పెడితే, దాని వెనక నంబర్లు ముందుకు సాగిపోతాయి. అందుకే పక్కపక్క నంబర్లున్న కార్ల మీద వేర్వేరు నెలలు కనిపించినా వింత కాదు. నంబరు బాడీకి పడిన క్రమాన్ని చెబుతుందే తప్ప, కారు పూర్తయిన క్రమాన్ని చెప్పదు.

ఇంజిన్ నంబరు సంగతి ఇంకా వేరు. ఇంజిన్లు వేరే లైను మీద తయారై, గుట్టగా వచ్చి, చేతికి అందినది అందినట్టు బాడీలో కూర్చుంటాయి. చాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఒకటే కావాలని చూసేవాళ్లు మొదటిసారి ఈ కార్లు చూస్తున్నవాళ్లే. చూడాల్సింది ఆ రెండు నంబర్లూ ఒకే కాలానికి చెందినవా, కాదా అన్నది.

మూడో ఉచ్చు మోడల్ సంవత్సరం. ఓడ దిగి, డీలరు దగ్గర కొన్ని నెలలు నిలిచి అమ్ముడైన కారుకి అమెరికా రాష్ట్రాలు కొన్నిసార్లు అమ్మిన ఏడాదినే కాగితం మీద వేసేవి. 1969 చివర్లో తయారైన 240జెడ్‌ కాగితాల మీద '1970' అని ఉండటం మామూలే. 1970లో తయారై 1971 కారుగా రిజిస్టరైనవీ ఉన్నాయి. కాగితం మీది ఏడాదిని తయారీ ఏడాదిగా తీసుకున్న జాబితాలన్నీ ఈ పొరపాటును మోస్తున్నవే.

సముద్రం దాటిన కార్లకే తేదీ మిగిలింది

కార్ల మీద తయారీ నెల రాయాలన్న ఆలోచన జపాన్ కంపెనీలది కాదు, అమెరికా ప్రభుత్వానిది. 1969లో అక్కడ రెండు నియమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అద్దంలోంచి కనిపించేలా డ్యాష్‌బోర్డు మీద కారు నంబరు ఉండాలన్నది ఒకటి. తయారైన నెల, ఏడాదితో ఒక ధ్రువీకరణ పట్టీ కారుకి ఉండాలన్నది రెండోది. 240జెడ్ సరిగ్గా ఆ ఏడాది చివర్లోనే అమెరికా చేరింది. అందువల్ల అక్కడ అమ్మిన ప్రతి జెడ్‌కి డ్రైవరు తలుపు చట్రం దగ్గర ఒక చిన్న లోహపు పట్టీ, దాని మీద నెల, ఏడాది పడ్డాయి.

జపాన్ రోడ్ల మీద తిరిగిన ఫెయిర్‌లేడీ జెడ్‌కి అలాంటి పట్టీ లేదు. దాని ఇంజిన్ గదిలోని ప్లేటు మీద మోడల్ కోడ్, ఇంజిన్ వివరాలు, చాసిస్ నంబరు ఉంటాయి. నెల ఉండదు. జపాన్ రిజిస్ట్రేషన్ పత్రమైన షాకెన్‌షోలో ఉండేది మొదటిసారి రిజిస్టరైన నెల, అదీ చక్రవర్తి శకంలో. షోవా 44 అని ఉంటే 1925 కలుపుకుని 1969 అని చదువుకోవాలి. హెయిసెయ్ శకమైతే 1988 కలపాలి. ఫ్యాక్టరీ గేటు దాటిన నెల, రిజిస్టరైన నెల ఒకటే అయ్యుండొచ్చు. మధ్యలో కారు నెలల తరబడి డీలరు షెడ్డులో ఉండి కూడా ఉండొచ్చు.

ఫలితంగా ఒక విడ్డూరం మిగిలింది. పుట్టిన ఊళ్లో ఉన్న కారుకి పుట్టినరోజు తెలియదు. పరాయి దేశం వెళ్లిన దాని తోబుట్టువుకి లోహం మీద రాసి ఉంది. తొలి జెడ్ల గురించి తెలిసిన దాంట్లో పెద్ద భాగం అమెరికా కార్ల నుంచే రావడానికి కారణం అక్కడి సేకర్తల పట్టుదల ఒక్కటే కాదు, ఆ లోహపు పట్టీ కూడా. కాలిఫోర్నియా, అరిజోనా లాంటి పొడి వాతావరణంలో రేకు తుప్పు పట్టకుండా నిలవడం ఇంకో కారణం. జపాన్‌లో పాత కారుకి తప్పనిసరి వాహన తనిఖీ అయిన షాకెన్ ఖర్చు, పన్ను భారం కలిసి యజమానిని తుక్కు వైపే నెట్టేవి. పదేళ్లు దాటిన కార్లకు ఒకప్పుడు ఏటా తనిఖీ ఉండేది. దాన్ని రెండేళ్లకు మార్చింది 1995లో. అప్పటికి 1969 కార్లలో చాలావరకు వెళ్లిపోయాయి.

కాగితాలు ఏమయ్యాయి?

యూరప్ కార్ల యజమానికి ఈ ఇబ్బంది తక్కువ. ఎంజీ లేదా ఆస్టిన్-హీలీ కారున్నవాళ్లు ఇంగ్లండ్‌లోని గేడన్ మ్యూజియంకి రాస్తే, ఫ్యాక్టరీ లెడ్జర్ చూసి తయారీ తేదీ, మొదటి రంగు, ఏ డీలరుకు పంపారో రాసిన ధ్రువపత్రం ఇస్తారు. జాగ్వార్‌కీ, పోర్షేకీ అలాంటి పద్ధతులున్నాయి. అమెరికాలో ఫోర్డ్ 1967 నుంచి తయారుచేసిన కార్ల డేటాను కెవిన్ మార్టీ అనే నిపుణుడికి లైసెన్సు మీద ఇచ్చింది. మస్టాంగ్ కొనేవాళ్లు 'మార్టీ రిపోర్ట్' ఉందా అని ముందే అడుగుతారు. ఆ స్థాయిలో అందరూ నమ్మే ఒక్క పత్రం 240జెడ్‌కో, తొలి స్కైలైన్‌కో లేదు.

దీన్ని నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం తేలిక, కానీ అది పూర్తి వివరణ కాదు. 1960లలో జపాన్ కార్ల పరిశ్రమ ఆకారమే మారిపోతోంది. స్కైలైన్‌ను మొదట తయారుచేసింది ప్రిన్స్ కంపెనీ. 1966 ఆగస్టులో అది నిస్సాన్‌లో కలిసిపోయింది. స్కైలైన్ జీటీ-ఆర్ తయారైన మురాయమా ప్లాంటులో కార్ల తయారీ 2001లో ఆగింది. 2000జీటీ మీద టయోటా పేరున్నా, కారును కట్టింది యమహా. జెడ్ మీద నిస్సాన్ పేరున్నా, బాడీ కట్టింది నిస్సాన్ షతాయ్. ఒక కారు చరిత్ర రెండు మూడు కంపెనీల బీరువాల్లో చీలిపోయింది. దానికితోడు ఆ రోజుల్లో ఈ రికార్డుల పని వారంటీ, విడిభాగాలు, పన్ను వరకే. అరవై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి 'నా కారు ఏ వారం పుట్టింది' అని అడుగుతారని ఆ గుమాస్తాలు అనుకోవడానికి కారణం లేదు.

లెక్కల్లోని తేడాలకూ మూలం ఇక్కడే ఉంది. 2000జీటీ ఎన్ని తయారయ్యాయని అడిగితే 337 అనేవాళ్లున్నారు, 351 అనేవాళ్లున్నారు. ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్క ప్రకారం కుడి స్టీరింగ్ ఎంఎఫ్10 కార్లు 233, ఎడమ స్టీరింగ్ ఎంఎఫ్10ఎల్ కార్లు 109, 2.3 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన ఎంఎఫ్12ఎల్ కార్లు 9. కలిపితే 351. ఏది కలుపుతున్నారు, ఏది వదిలేస్తున్నారు అన్నది చెప్పకుండా మొత్తం ఒక్కటే చెప్తే గొడవ ఎప్పటికీ తెగదు.

మాజ్దా కాస్మో స్పోర్ట్ విషయంలో లెక్క కాస్త నయం. 1967 మే నుంచి ఏడాదికి పైగా తయారైన ఎల్10ఏ రకం 343, ఆ తర్వాత 1972 దాకా వచ్చిన ఎల్10బీ రకం 833. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 150 మిల్లీమీటర్లు పెరగడం వల్ల రెండింటినీ పక్కపక్కన పెడితే కంటికే తేడా తెలుస్తుంది. అయితే అమ్మకాలకు ముందే ఆ కారులోని కొత్త రకం రోటరీ ఇంజిన్‌ను రోడ్ల మీద పరీక్షించడానికి డీలర్లకు పంచిన 60 కార్లను ఎటు కలపాలన్న చిక్కు దీనికీ ఉంది.

బతికున్న కార్ల నుంచి వెనక్కి

రికార్డు లేని చోట పరిశోధకులు చేసేది సర్వే. వేలం ఫొటోలు, పాత అమ్మకపు ప్రకటనలు, యజమానులు పంపిన ప్లేట్ల చిత్రాలు సేకరించి ఒక్కో నంబరు ఎదుట తయారీ నెల, ఇంజిన్ నంబరు, రంగు రాసుకుంటూ పోతారు. కొన్ని వందల కార్లు చేరాక పట్టికలో గీతలు బయటపడతాయి. ఏ నెలలో నంబర్లు సుమారు ఎక్కడిదాకా వెళ్లాయో, ఏ భాగం ఎక్కడ మారిందో తెలుస్తుంది.

ఈ పద్ధతికి యుద్ధకాలపు పూర్వీకుడు ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారుచేస్తోందో తెలుసుకోవడానికి మిత్రపక్షాల గణాంకవేత్తలు పట్టుబడ్డ ట్యాంకుల భాగాల మీది వరుస నంబర్లు చూశారు. 1942 ఆగస్టుకి గూఢచారుల అంచనా 1,550. నంబర్లతో వేసిన లెక్క 327. యుద్ధం ముగిశాక దొరికిన జర్మన్ రికార్డుల్లో ఉన్నది 342. లెక్క వేసే తీరు చాలా సులువు. కనిపించిన వాటిలో అతి పెద్ద నంబరు తీసుకుని, దాన్ని ఎన్ని కనిపించాయో ఆ సంఖ్యతో భాగించి, వచ్చింది దానికే కలిపి, ఒకటి తీసేయాలి. 9 కార్లు కనిపించి, వాటిలో పెద్ద నంబరు 450 అయితే, 450కి 50 కలిపి ఒకటి తీసేస్తే 499.

కార్లకు ఇదే సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడితే దెబ్బ తింటారు. వరుస ఒకటి నుంచి మొదలవ్వాలి, మధ్యలో ఖాళీలు ఉండకూడదు, కనిపించినవి ఏ పక్షపాతం లేకుండా దొరికినవై ఉండాలి అన్నవి దాని షరతులు. 10001 నుంచి మొదలైన వరుసలో ముందు పదివేలు తీసేయకపోతే జవాబు హాస్యాస్పదంగా ఉంటుంది. మోడల్‌లో మార్పు వచ్చినప్పుడు కొత్త అంకె నుంచి లెక్క మొదలుపెట్టే అలవాటు కంపెనీలకు ఉండేది కాబట్టి, మధ్యలో ఖాళీలు తప్పవు. పక్షపాతం విషయం ఇంకా సూక్ష్మం. చిన్న నంబరు కారును యజమాని జాగ్రత్తగా దాచుకుంటాడు, నలుగురికీ చూపిస్తాడు. నలభై వేల నంబరు కారు తుక్కు కొట్టుకి పోయినా ఎవరూ గమనించరు. అందువల్ల ఇలాంటి పట్టికల్లో తొలి నంబర్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనిపిస్తాయి. దాన్ని చూసి తొలి కార్లు గట్టివి, అందుకే మిగిలాయి అని తేల్చేసినవాళ్లూ లేకపోలేదు.

ఒక్క కారును దగ్గరగా చూస్తే

అమ్మకానికి వచ్చిన ఒక తొలి 240జెడ్‌ను పరీక్షించేవాళ్లు ఏం చూస్తారో గమనిస్తే ఈ లెక్కంతా నేల మీదికి దిగుతుంది. ముందుగా చాసిస్ నంబరు మూడు నాలుగు చోట్ల కలవాలి. ఫైర్‌వాల్ మీద గుద్దిన నంబరు, ఇంజిన్ గదిలోని ప్లేటు, డ్యాష్‌బోర్డు మీది పట్టీ, తలుపు దగ్గరి పట్టీ. వీటిలో ప్లేట్లూ పట్టీలూ రివెట్లతో బిగించినవి, ఊడదీసి ఇంకో కారుకి వేయొచ్చు. రేకులోకే దిగిన నంబరును అలా మార్చలేం. కాబట్టి నాలుగింటి సాక్ష్యానికీ ఒకే బరువు లేదు. ఫైర్‌వాల్ మాటే చివరి మాట.

ఇంజిన్ గదిలోని ప్లేటు మీద 2,393 సీసీ, 2,305 మిల్లీమీటర్ల వీల్‌బేస్ లాంటి వివరాలతో పాటు ఇంజిన్ నంబరు కూడా ఉంటుంది. దాన్ని బ్లాకు మీద గుద్దిన నంబరుతో పోలుస్తారు. ఇక్కడే చాలా కార్లు తప్పుతాయి. తర్వాత వచ్చిన 280జెడ్ ఇంజిన్ ఎల్28 ఈ కారులో పెద్దగా మార్పులు లేకుండానే కూర్చుంటుంది. డెబ్బైలు, ఎనభైల్లో 240జెడ్ అంటే పాత సెకండ్‌హ్యాండ్ కారు మాత్రమే. అప్పటి యజమానికి ఎక్కువ పవర్ కావాలి గానీ అసలు ఇంజిన్ దాచుకోవాలన్న ఆలోచన ఎందుకుంటుంది?

ఆ తర్వాత భాగాలు. తొలి కార్ల సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద పోతలోనే ఈ31 అన్న గుర్తు ఉంటుంది, 1971లో అది ఈ88 అయింది. వెనక తలుపు రేకు మీదే గాలి రంధ్రాలుంటే తొలి రకం. 1971 మొదట్లో, నంబర్లు సుమారు 21000 దగ్గర ఉండగా, అవి అక్కడి నుంచి పక్క స్తంభాల మీదికి మారి, గుండ్రటి జెడ్ బిళ్ల వెనక దాక్కున్నాయి. వెనక అద్దంలో మంచు కరిగించే తీగలు నిలువుగా ఉంటే పాతది, అడ్డంగా ఉంటే తర్వాతది. సీటు బెల్టు మీద కుట్టిన గుడ్డ పట్టీలో తేదీ ఉంటుంది. అద్దాల మూలన చిన్న అక్షరాల్లో తయారీ కాలం తెలిపే గుర్తులుంటాయి. ఈ తేదీలన్నీ కారు తయారైన నెలకు కొద్దిగా ముందువై ఉండాలి. బెల్టు తేదీ కారు తయారైన నెల కంటే తర్వాతిదైతే, అది తర్వాత మార్చిన బెల్టు. అన్నీ ఆరేడు నెలలు ముందువైతే, ఎవరో పాత భాగాలు ఏరి తెచ్చి అమర్చారేమో అని అనుమానించాల్సి వస్తుంది. అన్నీ మరీ సరిగ్గా కుదిరిన కారునే అనుభవజ్ఞులు ఎక్కువసేపు చూస్తారు.

విడిభాగాల కేటలాగులు ఈ పనిలో పెద్ద ఆసరా. ఫలానా భాగం ఏ నెల వరకు, ఆ తర్వాత ఏది అని అందులో ఉంటుంది. వాటిని అచ్చేసింది మెకానిక్ కోసం. చరిత్రకారుడికి అవే ఇప్పుడు శాసనాల్లా పనికొస్తున్నాయి. కాకపోతే కేటలాగు చెప్పేది కొత్త భాగం ఎప్పుడు వచ్చిందో. ఫ్యాక్టరీలో మిగిలిన పాత స్టాకు అయిపోయే దాకా పాతదే బిగించిన రోజులు కొన్ని ఉంటాయి. సరిహద్దు మీద పుట్టిన కార్లలో పాత, కొత్త కలగలిసి కనబడటం నకిలీకి రుజువు కాదు.

నకిలీ, రీపంచ్, ఇంటిపేరు మార్పు

డబ్బు ఎక్కడుంటే అక్కడ నకిలీ ఉంటుంది. 2020 జనవరిలో ఒక 1971 240జెడ్ ఆన్‌లైన్ వేలంలో 3 లక్షల 10 వేల డాలర్లకు పోయింది. కొత్తగా అమెరికా వచ్చినప్పుడు దాని ధర 3,526 డాలర్లు. జెడ్432, స్కైలైన్ జీటీ-ఆర్‌లలో పందెం ఇంకా పెద్దది. 1973లో వచ్చిన, 'కెన్‌మేరీ' అన్న ముద్దుపేరున్న జీటీ-ఆర్‌లు మొత్తం 197. అదే బాడీతో వచ్చిన మామూలు స్కైలైన్లు లెక్కలేనన్ని. చక్రాల మీద అదనపు ఫెండర్లు, జీటీ-ఆర్ బ్యాడ్జీ తగిలిస్తే దూరం నుంచి తేడా తెలియదు. తేల్చేది ఇంటిపేరే. అసలైనది కేపీజీసీ110. మామూలుది కేజీసీ110. మధ్యలో ఉన్న ఆ 'పీ' ఎస్20 ఇంజిన్‌కి గుర్తు. ఇష్టంతో జీటీ-ఆర్ వేషం వేయించి, ఆ మాట చెప్పి అమ్మేవాళ్లు జపాన్‌లో చాలామందే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. ఆ ఒక్క అక్షరాన్ని రేకు మీద మార్చాలని చూస్తేనే నేరం.

చాసిస్ నంబరు చెరపడం, పెయింటుతో కప్పేయడం జపాన్ రోడ్డు వాహనాల చట్టం ప్రకారం నిషిద్ధం. తుప్పు వల్లో, ప్రమాదం వల్లో నంబరు చదవలేని స్థితికి వస్తే రవాణా కార్యాలయమే కొత్త నంబరు గుద్దుతుంది. దాన్ని 'షొక్కెన్ దకోకు' అంటారు. మన ఆర్టీఏ ఆఫీసులో అనుమతి తీసుకుని చేసే చాసిస్ రీపంచింగ్ లాంటిదే. చట్టప్రకారం ఆ కారు సవ్యమైనదే. కానీ ఇంటిపేరు, పాత వరుస నంబరు రెండూ పోతాయి కాబట్టి, సేకర్తల బజారులో దాని విలువ పడిపోతుంది. చరిత్ర పరిశోధనకైతే అలాంటి కారు దాదాపు మూగది.

తుప్పు పట్టిన బాడీ నుంచి ఫైర్‌వాల్ నంబరున్న ముక్కను కోసి మంచి బాడీకి అతికించడం ఇంకో దారి. అలా చేసిన కారులో ఇంటిపేరు కస్తూరివారిదే గానీ ఇల్లు వేరేవాళ్లది. దీన్ని పట్టుకోవడానికి నంబరు చుట్టూ ఉన్న రేకు వెనక వైపు చూస్తారు, వెల్డింగ్ అతుకు అక్కడ దాగదు. అక్షరాల ఆకారం, వాటి మధ్య ఎడం, దిగిన లోతు కూడా అదే నెలలో తయారైన ఇతర కార్ల ఫొటోలతో పోలుస్తారు. మన దగ్గర ఆర్టీఏ పనులకు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసే అలవాటు ఉంది కదా, ఈ పోలికకు మామూలు ఫొటో కంటే అలాంటి రుద్దిన ముద్రే ఎక్కువ పనికొస్తుంది. వెలుతురు కోణం దాన్ని మోసం చేయలేదు.

పాతికేళ్ల నియమం, నెలల లెక్క

తయారీ నెల గొడవ సేకర్తలకే పరిమితం కాదు. అమెరికా భద్రతా ప్రమాణాలకు తగినట్టు కట్టని విదేశీ కారును ఆ దేశంలోకి తేవాలంటే మామూలుగా దానికి పాతికేళ్లు నిండి ఉండాలి. ఏడాది లెక్క కాదు, తయారైన నెల నుంచి లెక్క. 1999 జనవరిలో అమ్మకానికి వచ్చిన ఆర్34 తరం స్కైలైన్ జీటీ-ఆర్ 2024లో ఈ గీత దాటడం మొదలుపెట్టింది. తయారీ 2002 ఆగస్టు దాకా సాగింది కాబట్టి, చివరి కార్లకు 2027 ఆగస్టు రావాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ జపాన్ నుంచి ఒక ఆర్34 తెప్పించుకుందామనుకునే తెలుగువాళ్లకు కూడా ఎదురయ్యే ప్రశ్న ఇదే. జపాన్ కాగితాల్లో ఉన్నది రిజిస్టరైన నెల, అమెరికా అడిగేది తయారైన నెల.

రిజిస్ట్రేషన్ తేదీ ఒక రకంగా నమ్మదగిన హద్దు. తయారు కాని కారును ఎవరూ రిజిస్టర్ చేయరు కాబట్టి, రిజిస్ట్రేషన్‌కి పాతికేళ్లు నిండితే తయారీకి ఎలాగూ నిండినట్టే. చిక్కు వచ్చేది ఆలస్యంగా అమ్ముడైన కార్లకు. ఆగస్టులో తయారై డిసెంబరులో రిజిస్టరైన కారు అసలైతే ఆగస్టులోనే అర్హత పొందుతుంది. కాగితం ప్రకారం నాలుగు నెలలు ఆగాలి. ఆర్34 తరం కార్లకు ఈ నాలుగు నెలల తగువు తీరే దారి ఉంది. ఎలక్ట్రానిక్ విడిభాగాల కేటలాగులో చాసిస్ నంబరు కొడితే తయారీ నెల వస్తుంది. 1969 నాటి ఫెయిర్‌లేడీకి ఆ వసతి లేదు. దాని పుట్టిన నెల కావాలంటే మళ్లీ బెల్టు పట్టీ, అద్దం మూలన గుర్తు, హెడ్ మీది పోత గుర్తు చూసుకోవాల్సిందే.

ఆ గుర్తుల్లో కొన్ని బాగుచేతలోనే పోతున్నాయి. పాత కారును పూర్తిగా విప్పి కొత్తగా చేయించేటప్పుడు మాసిన బెల్టులు, గీతలు పడ్డ అద్దాలు ముందుగా చెత్తలోకి వెళ్తాయి. తలుపు దగ్గరి పట్టీని పెయింటు కోసం ఊడదీసి, తర్వాత మెరిసే కొత్త నకలు బిగిస్తారు. పని ముగిశాక కారు షోరూం నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఫైర్‌వాల్ మీది నంబరు కూడా నాలుగు పొరల పెయింటు కింద కాస్త పూడుకుపోయి, అక్షరాల అంచులు మెత్తబడి ఉంటాయి. ఆ కారు ఫొటోలు విప్పకముందు తీసినవి ఉంటేనే తర్వాతి తరం పరిశోధకుడికి ఏదైనా దొరుకుతుంది.